ఆదిలక్ష్మమ్మ చెంప

ఆటోనగర్‌లో మొక్కజొన్న పిండితో ప్లాస్టిక్ లాంటి పల్చటి ఫిల్మ్ తయారుచేసే ఫ్యాక్టరీ ఒకటుంది. ఇనుప సామాన్లకు చుట్టే ఆ ఫిల్మ్ వాడి పారేశాక మట్టిలో కలిసిపోతుంది. ఆదిలక్ష్మమ్మ అక్కడ రోల్స్ కడుతుంది. యాభై దాటిన మనిషి. యూనిఫాం కోటు కింద చీర కుచ్చిళ్లు ఎత్తి దోపుకుంటుంది. ప్రతి రోల్ కొసనూ చెంపకు ఆనించుకుని గాని కట్టదు. ముద్దు పెట్టుకుంటోందని అందరూ నవ్వుతారు. పోయిన వారం ముసురు పట్టిన రోజు ఒక రోల్‌ని పక్కన పెట్టేసింది.

"మీటర్‌లో తేమ సరిగానే ఉంది కదా పిన్నీ," అంది క్వాలిటీ చూసే నిఖిత. బయట లారీ సిద్ధంగా ఉంది.

"మీటర్ ఏనాడైనా ఒడియాలు పెట్టిందేటమ్మా? ఇది ఎండనేదు. సముద్రం గాలికి నెమ్మెక్కిపోనాది."

నిఖిత రోల్‌ని లారీ ఎక్కించింది. మూడో రోజుకి అది పోర్టు నుంచి తిరిగొచ్చింది, పొరలన్నీ ఒకదానికొకటి అతుక్కుపోయి. ఆదిలక్ష్మమ్మ అతుక్కున్న చోట గోటితో గీరి చూసి, "పాపం," అంది, రోల్‌ని.

నిన్న ఆమె సెలవు. ఎవరూ చూడకుండా నిఖిత ఒక రోల్ కొసని తన చెంపకు ఆనించుకుంది. చల్లగా ఉంది. అంతకుమించి ఏమీ తెలియలేదు.