వేల కంప్యూటర్ల సాక్ష్యం

ఇబ్రహీంపట్నంలో నా జిరాక్స్ షాపు పక్కనే ఓ కుర్రాడి ఫ్లెక్సీ డిజైన్ల గది. బొమ్మ పూర్తికాగానే బ్లాక్‌చెయిన్‌లో ఎక్కించేవాడు. ఆ బొమ్మ ఎవరిదో, ఎప్పటిదో వేల కంప్యూటర్లలో ఒకేసారి నమోదయ్యే పద్ధతట అది. ఎక్కేదాకా టీ కూడా ముట్టడు. ఎక్కగానే స్క్రీను మీద వేలితో టక్కున కొట్టి, "ఇగ చెరపడం ఎవని తరం గాదన్నా, వేల కంప్యూటర్లు సాక్ష్యం" అనేవాడు.

ఓసారి బోనాలకు అతను గీసిన పోతరాజు బొంగులూరు దారిలో ఓ ప్లాట్ల వెంచర్ హోర్డింగెక్కాడు. అతన్ని అడిగినవాడు లేడు. ఫోన్లో రుజువు పట్టుకుని వాళ్ల ఆఫీసుకే పోయాడు. రుజువు చూపిస్తే ఎదుటివాడు దిగివస్తాడని నమ్మే పిచ్చోడు.

మర్నాడు పొద్దున నలుగురొచ్చారు. "ఏదిరా నీ సాక్ష్యం?" అంటూ ఫోనును బండకేసి పగలగొట్టారు. అతని కుడిచేతిని గడప మీద తొక్కిపట్టి షట్టరు దించారు. ఒకసారి కాదు, మూడుసార్లు. ఆ అరుపు నా మెషీను మోతను దాటి వినబడింది. నేను చూస్తూనే ఉన్నాను, మెషీను ఆపలేదు.

దవాఖానాకొచ్చిన పోలీసు, "చూసినోళ్లు ఎవరన్న ఉన్నరా?" అని అడిగాడు.

"నేను లోపలున్న సార్, చూడలే" అన్నాను.

పోలీసు వెళ్లాక అతను అలవాటుకొద్దీ మంచం పట్టీ మీద వేలితో కొట్టబోయాడు. కట్టులోంచి నెత్తురు ఊరింది.

"నా బొమ్మకు వేల కంప్యూటర్లు సాక్ష్యమున్నయన్నా" అన్నాడు. "నాకు నువ్వొక్కనివి లేకపోతివి."