ఏనుగు నెత్తిన గుర్రం

మాచర్లలో నా స్కూటీ బాగుచేసే మెకానిక్‌ను అందరిలాగే నేనూ మామా అనేదాన్ని. ఏ బండినైనా తానే ఒక రౌండు కొట్టి చూసుకోకుండా తాళం చేతికిచ్చేవాడు కాదు. అప్పటిదాకా ఆయనది ఒకటే మాట: "ఆగమ్మా, దీనికింకా నడక రాలా."

బండి అయ్యేదాకా ఆయన షెడ్డులో ఇద్దరం చదరంగం ఆడేవాళ్లం; ఆ మధ్యాహ్నాలు కలలో గడిచినట్టుండేవి. రేకుల చిల్లుల్లోంచి దిగిన ఎండ చదరంగం బల్ల మీద మెల్లగా గళ్లు మారుతుండేది. మా ఆటలో ఆయన సొంతంగా చేసిన పావులు రెండు, ఇద్దరికీ చెరొకటి. ఏనుగు నెత్తిన గుర్రం తలను కరిగించి అతికించాడు. అది ఏనుగులా తిన్నగా పోతుంది, గుర్రంలా దూకుతుంది కూడా. ఎవరిది ముందు బయటికొస్తే వాళ్లదే ఆట. మామ గెలిచి కూడా తల అడ్డంగా ఊపేవాడు. "చానా దూకుడుగుంది. నడక రాలా."

ఊరి కక్షల్లో ఆయన తమ్ముడు పోయాడని ఎవరో అనగా విన్నాను. ఆయన మాత్రం ఎన్నడూ ఆ ఊసెత్తలేదు.

ఒకరోజు కొత్త షరతు పెట్టాడు. ఆ పావు దేన్నైనా కొడితే, తర్వాతి ఎత్తులో కదలకూడదు.

"ఎందుకు మామా?"

"కొట్టినోడు ఒక్క ఎత్తన్నా ఆగి, ఏం చేశాడో చూసుకోవాలమ్మా."

ఆ ఆటలో ఆయన పావు నా మంత్రిని కొట్టి అక్కడే నిలబడింది. నేను బంటును జరిపి దానికి గురిపెట్టాను. అది తప్పుకోలేదు. మరుసటి ఎత్తులో నా బంటు దాన్ని కొట్టేసింది.

మామ ఆ పావును నూనెగుడ్డతో తుడిచి, బండి తాళం ఇచ్చినట్టే నా అరచేతిలో పెట్టాడు.

"ఇప్పుడొచ్చిందమ్మా నడక."