అరనిమిషం ముందే పడిపోయిన గోలు

ఆ రోజుల్లో మాదాపూర్ మీద తిరిగే మబ్బులు కూడా మెడలో ఐడీ కార్డు వేసుకునే తిరిగేవని నేనంటే మా ఆవిడ నమ్మదు. సాయంత్రం షిఫ్టుకు బస్సు దిగి తలెత్తి చూస్తే, అద్దాల మేడల్లో మబ్బులు తేలుతూ పోయేవి. కదులుతున్నది మబ్బో మేడో తెలియక కాసేపు అలాగే నిలబడిపోయేవాణ్ణి. కడప కోర్టులో బెంచి గుమాస్తాగా సగం జీవితం వెళ్ళబుచ్చి, స్వచ్ఛంద విరమణ తీసుకుని, యాభై దాటాక హైటెక్ సిటీలో పెద్ద సాఫ్ట్‌వేర్ కంపెనీలో చేరాను. (పెద్దది కాదు. సాఫ్ట్‌వేరూ కాదు. పెద్ద సాఫ్ట్‌వేర్ కంపెనీ ఉన్న మేడలోనే ఓ మూల మా చిన్న ఆఫీసు.) వయసు సంగతి ఎలా ఉన్నా ఉద్యోగంలో అందరికన్నా పసివాణ్ణి నేనే. అందుకే దీన్ని నా పడుచుతనం ముచ్చటగానే చెబుతాను, మీరు ఒప్పుకోవాలి.

మా పని చెబితే నవ్వుతారు. ప్రపంచ కప్పు ఫుట్‌బాల్‌ను చూపించే హక్కు కొనుక్కున్న ఓ విదేశీ కంపెనీ, ఆ ఆటను ఇంటర్నెట్టులో దొంగచాటుగా చూపించేవాళ్ళను పట్టుకోమని మాకు అప్పగించింది. మ్యాచి మొదలవగానే దొంగ లింకులు వెతకాలి. అందులో ఆట నిజంగా నడుస్తోందా లేదా అని కూర్చుని చూడాలి. సాక్ష్యానికి బొమ్మ తీసుకుని నోటీసు పంపాలి. ఒకటి మూతపడితే అదే ఆట వేరే పేరుతో మరి రెండు చోట్ల లేచేది. రక్తబీజుడి సంగతే అనుకోండి, కాకపోతే అక్కడ నాలుక చాచడానికి కాళికాదేవి ఉంది, ఇక్కడ మా దగ్గర నోటీసు తప్ప ఏమీ లేదు. మా జట్టులో కరీంనగర్ కుర్రాడొకడు ఉండేవాడు. ప్రతిదానికీ పరేషాన్ అంటాడని అతనికి ఆ పేరే పెట్టాం. "కాకా, గీ దొంగ లింకు పెట్టుడు తప్పా, చూసుడు తప్పా?" అని అడిగాడోసారి. నేను కోర్టు గొంతు సవరించుకుని, "పెట్టడం నేరం. చూడటం బలహీనత. జీతం తీసుకుని చూడటం ఉద్యోగం" అని తీర్పిచ్చాను.

అక్కడే నాకో రహస్యం దొరికింది. దొంగ లింకులో ఆట అసలు ఆటకన్నా అరనిమిషం వెనక నడుస్తుంది. గోడ అవతలి క్యాంటీన్‌లో డబ్బు కట్టిన ఛానెల్ ఉన్న టీవీ ఉండేది. అంటే చట్టబద్ధమైన గోలు ముందు పడుతుంది, దొంగ గోలు తర్వాత పడుతుంది. నేను టీ నెపంతో వెళ్ళి, గోలు చూసి, గబగబా వచ్చి కుర్చీలో కళ్ళు మూసుకుని, "ఎడమవైపు నుంచి వస్తోంది... అదిగో, పడింది" అనేవాణ్ణి. తెర మీద బంతి ఇంకా మైదానం మధ్యలో పచ్చికమీద కునుకు తీస్తూ ఉండేది. కాసేపటికి లేచి, నేను చెప్పిన దారినే నడిచి, వలలో పడేది. ఆ కప్పులో పడ్డ ప్రతి గోలూ నేను ముందే చెప్పాను. (ప్రతి గోలూ కాదు. మూడు చెప్పాను. నాలుగోదానికి పరిగెత్తుతూ టీ మీద పోసుకున్నాను.) అయినా జోస్యుడిగా పేరు స్థిరపడింది. ఏమీ జరగనట్టే కనిపిస్తున్నా అన్నీ జరిగిపోయి ఉన్న ఆ అరనిమిషంలో నేనొక్కణ్ణే మేలుకుని ఉన్నట్టు ఉండేది.

మా జట్టుకు పెద్ద లీడమ్మ. టీమ్ లీడ్ కదా, మేం పెట్టుకున్న పేరే అది. తెనాలి వైపు నుంచి వచ్చి కూకట్‌పల్లిలో స్థిరపడ్డ వాళ్ళమ్మాయి. ఆమే, పరేషానూ పెళ్ళి చేసుకోవాలనుకున్నారు. అతని ఇంట్లోవాళ్ళు సరేనన్నారు. ఆమె తండ్రి మాత్రం, "కమిటీ రిపోర్టు రానివ్వండి. రాష్ట్రం ఒకటో రెండో తేలాక ముహూర్తం చూద్దాం" అని కూర్చున్నారు.

"మా తెలంగాణ గీ లింకు లెక్కనే అయింది కాకా. ప్రకటన వచ్చె, బొమ్మ ఆగె. నడిమిట్ల గా చక్రం తిరుగుతనే ఉన్నది. దాంతోని నా పెండ్లి సుత ఆగింది" అని పరేషాన్ వాపోయాడు.

లీడమ్మ నా దగ్గరికి వచ్చి, "బాబాయ్‌గారూ, మా నాన్నకి జోస్యాలంటే గురి అండి. ఈ పెళ్ళి నిలుస్తుందని మీరొక్క మాట చెబితే వింటారు" అంది. ఆ పిల్ల కళ్ళల్లో నమ్మకం చూసి, క్యాంటీన్ సంగతి దాచేసి సరేనన్నాను.

బంద్ రోజు వచ్చింది. ఆఫీసు ఇంటినుంచే పని చేయమంది. మా కిరాయి గదిలో ఇంటర్నెట్టు లేదు కాబట్టి లీడమ్మ వాళ్ళింటికి రమ్మంది. ఉద్యమకారుల మధ్యనుంచి, రాస్తారోకోలు దాటుకుంటూ కోసులకొద్దీ నడిచి వెళ్ళాను. (రెండు వీధులు నడిచాను. ఉద్యమం తరఫున కనిపించింది ఒక్క మనిషి. టీకొట్టు మూశారని ఆయనా నాలాగే దిగులుగా ఉన్నాడు.) బస్సుల్లేని రోడ్డు మీద పిల్లలు క్రికెట్ ఆడుతుంటే, ఊరంతా పగటికల కంటున్నట్టుంది.

ఆమె తండ్రి నన్ను పైనుంచి కిందికి చూసి, "గోల్సు ముందే చెప్పేది మీరేనటగా?" అన్నారు.

"ఏదో, అమ్మవారి దయ."

"అయితే ఇక్కడ చెప్పండి, చూద్దాం. నిజమైతే మా అమ్మాయి సంగతీ మిమ్మల్నే అడుగుతాను."

లాప్‌టాప్‌లో దొంగ లింకు నడుస్తోంది. క్యాంటీన్ లేదు. బొమ్మ ఆగింది; ఆటగాడొకడు గాలిలో అలాగే వేలాడుతున్నాడు, నేలకు దిగే తొందర లేనట్టు. మళ్ళీ కదిలింది. అంతలో పక్క ఫ్లాట్‌లోని బ్రహ్మచారి కుర్రాళ్ళ గదిలోంచి గోడ అదిరేలా "గోల్!" అని కేక. నేను టక్కున కళ్ళు మూసుకున్నాను. "ఇప్పుడు పడుతుంది చూడండి."

పడింది. ఆయన తెరమీంచి చూపు నావైపు తిప్పి, "ఆ కుర్రాళ్ళ కేక నాకూ వినపడిందండీ. చెవుడు మా ఆవిడకి, నాకు కాదు" అన్నారు.

ఆ తర్వాత ఆయన, "అక్కడెప్పుడో పడిపోయిన గోలు కోసం మనమిక్కడ ఊపిరి బిగబట్టి కూర్చున్నాం. నీ పెళ్ళీ అంతేనా అమ్మా? మీ మనసుల్లో ఎప్పుడో అయిపోయిందా?" అని కూతుర్ని దగ్గరికి తీసుకున్నారని నేను పదిమందిలో చెబుతుంటాను. పక్కనే పరేషాన్ ఉంటే పగలబడి నవ్వుతాడు.

నిజానికి ఆయన అవేమీ అనలేదు. లేచి వంటింట్లోకి వెళ్ళిపోయారు. లీడమ్మ వెనకే వెళ్ళింది. నేను గుమ్మం దగ్గర చెప్పులు వెతుక్కుంటుంటే ఆయన గొంతు వినిపించింది. "దొంగ జోస్యుణ్ణి తెచ్చుకునేదాకా తీసుకొచ్చానా తల్లీ నిన్ను?" ఆ పిల్ల ఏడ్చింది. ఆ వెంటనే, ముహూర్తం కోసం గోడమీది క్యాలెండరు కాగితాలు తిరగేస్తున్న చప్పుడు. ఆ పెళ్ళి చేసింది ఆ ఒక్క మాటే. నా గొప్ప అందులో ఆవగింజంత కూడా లేదు. ఆ హడావిడిలో ఆ లింకుకు నోటీసు పంపడం అందరం మరిచిపోయాం. మర్నాడు పంపితే, అప్పటికే అది పేరు మార్చుకుని ఇంకో గుమ్మంలో కూర్చుంది.

కమిటీ రిపోర్టు రాకముందే, శ్రావణంలో పెళ్ళయింది. భోజనాల దగ్గర మగపెళ్ళివారి పెద్దాయనొకరు నన్ను పట్టుకున్నారు. "నువ్వు అన్నీ ముందుగాల్నే చెప్తవంట గద. తెలంగాణ ఎప్పుడొస్తదో చెప్పు జర." బంతి బంతంతా నావైపు తిరిగింది. తెనాలి వాళ్ళూ, కరీంనగర్ వాళ్ళూ చేతిలో ముద్ద చేతిలోనే ఆపేశారు. కళ్ళు మూసుకుందామనుకున్నాను. అలవాటు కదా.

"నాకు తెలియదు, అన్నా" అన్నాను.

ఆయన గట్టిగా నవ్వి, "మంచిగ చెప్పినవ్. గిట్ల చెప్పినోడే లేడు ఇప్పటిదాంక. కూసో, తిను" అని పక్కకు జరిగి చోటిచ్చారు. ఇరుపక్కలవాళ్ళూ ముద్ద నోట్లో పెట్టుకున్నారు. ఇరవయ్యేళ్ళ కుర్రాడిలా చెవులదాకా ఎర్రబడి, తలవంచుకుని పప్పన్నం కలుపుకున్న ఆ యాభై ఏళ్ళ పిల్లకాయ ఇప్పటికీ నాకు కళ్ళకు కట్టినట్టు కనిపిస్తాడు. పాపం, ఆ వేళ ఎంత తృప్తిగా తిన్నాడో!