కండక్టరు చూసినంత

మా అమ్మాయి పెనుకొండ నుంచి రోజూ బస్సులో హిందూపురం వెళ్లి ఇంటర్ చదువుతోంది. ఆ బస్సు కండక్టరు నా స్నేహితుడు. "పిల్ల మీద ఒక కన్నేసి పెట్టప్పా" అని అతనికి చెప్పి ఉంచాను. ఆ సంగతి ఆమెకు చెప్పలేదు. తండ్రిగా అది నా హక్కనుకున్నాను. హక్కేం కాదు, పిరికితనం.

ఒకరోజు ఉదయం అతను ఫోన్ చేశాడు. "ఏమప్పా, మీ పాప నా బస్సెక్కలే. ధర్మవరం బస్సెక్కింది."

పొద్దంతా పళ్లు నూరుకుంటూ కూర్చున్నాను.

సాయంత్రం ఆమే నా పక్కన వచ్చి కూర్చుంది. "నాయనా, ఈ పొద్దు కాలేజీకి పోలే. నా స్నేహితురాలు ఫెయిలయ్యింది. ఒక్కతే ఇంటికి పోవాలంటే భయమనింది. ధర్మవరం దాకా తోడు పోయినా."

కోపమంతా దిగిపోయింది. ఆ సంతోషంలో నోరు జారాను. "తెలుసులేమ్మా. కండక్టరు పొద్దున్నే చెప్పినాడు."

ఆమె నా ముఖంలోకి చూసింది. "అయితే నన్ను ఎప్పుడూ నమ్మలేదు గదా నాయనా?"



ఇప్పటికీ ఇంటికి రాగానే అన్నీ చెబుతుంది. ఏ బస్సెక్కిందీ, ఎక్కడ కూర్చుందీ, ఎన్నింటికి దిగిందీ. కండక్టరుకు కనబడనిది మాత్రం ఒక్కటీ చెప్పదు.