సాసర్‌లో అయోడిన్ చుక్క

మొన్న పచ్చిమామిడికాయ తరుగుతూ వేలు కోసుకున్నాను. మందుల అర వెతికితే చిన్న అయోడిన్ సీసా దొరికింది. దానిమీద తెల్ల టేపు, టేపు మీద మా తోడల్లుడి చేతిరాత: "బీరుకు మాత్రమే". వేలికి రాసుకోబుద్ధి కాలేదు. ఆయన పోయాక వదిన గరాజ్ ఖాళీ చేస్తుంటే ఇదొక్కటీ జేబులో వేసుకొచ్చాను.

ఆయన మా ఆవిడ అక్క భర్త. అమెరికాలో, డెట్రాయిట్ పక్కనున్న నోవైలో మా ఇళ్ళ మధ్య రెండు వీధులే దూరం. వరంగల్ మనిషి, కార్ల బ్రేకుల ఇంజినీరు. బీరు తాగేది వారానికి ఒక గ్లాసు, ఇంట్లో కాచేది మాత్రం ఊరందరికీ. "మా ఆయన గరాజ్‌లో బట్టీ పెట్టాడు" అని వదిన గుళ్ళో కూడా చెప్పుకునేది. ఆ ఇంట్లో వేడిగానీ చల్లదనంగానీ పోకుండా పట్టి ఉంచే పెట్టె, నీలం కూలర్, ఒకటే ఉండేది. మంచు పడే రోజుల్లో ఇడ్లీపిండి పులియడానికి వదినకి అదే కావాలి. మరపట్టిన బార్లీ మొలకల్ని వేడినీళ్ళలో నానేసి మూతపెట్టడానికి ఆయనకీ అదే కావాలి. శనివారం పొద్దున ఆయనకి, సాయంత్రం ఆవిడకి అని ఒప్పందం కుదిరింది. ఆదివారం ఇడ్లీల్లో కాస్త బార్లీ వాసన వచ్చేది. ఎవరమూ పైకి అనేవాళ్ళం కాదు.

గంట నానాక అసలు తంతు మొదలయ్యేది. ఆ గంజిలో పిండి అంతా చక్కెరగా మారిందో లేదో చూడాలి. తెల్ల సాసర్‌లో చెంచాడు తేట, అందులో ఒక అయోడిన్ చుక్క. నల్లబడితే పిండి ఇంకా ఉన్నట్టు, పసుపుగానే నిలిస్తే పని అయినట్టు. మొదటిసారి నేను చేసినప్పుడు ఎన్నిసార్లు వేసినా నల్లగానే మారింది. ఆయన వంగి చూసి, "పొట్టు పడనిచ్చినవ్ తమ్మీ. పొట్టు ఎప్పటికీ నల్లగనే చూపిస్తది. తేట తీస్కో" అన్నాడు. నిజంగానే నల్లబడిన రోజున కూడా కంగారుపడేవాడు కాదు. "ఇంకో పది నిమిషాలు ఆగుదాం, ఏం బోతది?" అని కుర్చీ లాక్కునేవాడు. నాకు ఓపిక తక్కువని తెలిసి, ఆ పది నిమిషాలూ ఏవో కబుర్లు చెప్పి గడిపించేవాడు.

ఆఖరిసారి కాచినప్పటికి ఆయన ఉద్యోగం పోయి, కొత్తది దొరికి, ఇంకా చేరలేదు. పాత ఇన్సూరెన్స్ అయిపోయింది, కొత్తది వచ్చే నెల మొదలవ్వాలి. అది లేకుండా ఇక్కడ డాక్టరు గడప తొక్కితే బిల్లు వేల డాలర్లలో ఉంటుంది. మనిషి చిక్కిపోయాడు. టెన్షన్ అనుకున్నాం. ఆ రోజు చుక్క పసుపుగా నిలిచింది. "అయిపోయింది" అని నవ్వి, నావైపు తిరిగాడు.

"తమ్మీ, నా కండ్లు జర చూడు. పచ్చగున్నయా?"

చూశాను. పచ్చగానే ఉన్నాయి.

"ఈ గరాజ్ లైటే పసుపు అన్నా. అయినా ఇన్సూరెన్స్ రాగానే ఒకసారి చూపించుకో. నెలేగా, ఏం పోతుంది?" అన్నాను.

ఆయన తేలికపడ్డట్టు తలూపాడు. కిటికీ దగ్గర మంచు వెలుగు తెల్లగా పడుతోంది. రెండడుగులు అటు నడిపించి చూస్తే ఇద్దరికీ తేలిపోయేది. నేను నడిపించలేదు. భయమేసింది.

నెల తర్వాత డాక్టరు క్లోమంలో క్యాన్సర్ గడ్డ అన్నాడు. కాస్త ముందు వచ్చి ఉంటే ఆపరేషన్‌కి ప్రయత్నించేవాళ్ళం, ఇప్పుడు పాకిపోయింది అన్నాడు. చెట్లు చిగుర్లు వేసేసరికి ఆయన లేడు. పరామర్శకి వచ్చినవాళ్ళు "ఆ బీరే పొట్టన పెట్టుకుంది" అని గుసగుసలాడుకున్నారు. వదిన నమ్మింది. గరాజ్‌లో సామానంతా పారేసింది, నీలం కూలర్‌తో సహా. ఆయన తాగిన వారానికో గ్లాసు వల్ల వచ్చింది కాదని డాక్టరు చెప్పినప్పుడు పక్కనున్నది నేనే. ఆ మాట వదినకి చెబితే, మరి ముందే ఎందుకు వెళ్ళలేదని అడుగుతుంది. అందుకే నోరు మెదపలేదు. చనిపోయిన మనిషి మీద ఆ నింద అలాగే ఉండనిచ్చాను.

సీసా మళ్ళీ అరలో పెట్టేశాను. పిండి కోసం పది నిమిషాలు ఆగడం ఆయన నాకు నేర్పాడు. ఆయన్ని నెల ఆగమన్నది నేను. ఏళ్ళు గడిచిపోయాయి గానీ, నాకు ఆ నెల మాత్రం ఇంకా గడవలేదు.