మౌలాలీ గోరువంకలు

నరసరావుపేటలో మౌలాలీ బండి బాగుచేస్తే మళ్లీ నాలుగేళ్లు దాని జోలికి పోనక్కర్లేదు. శుక్రవారం మాత్రం ఎవరూ ఆయన షెడ్డుకు వెళ్లకూడదు. నమాజు కాగానే తాళం పడుతుంది. ఇక మంత్రిగారి బండి ఆగిపోయినా సరే, ఆయన ఈపూరు దారిలో ఉంటాడు. నా స్కూటర్ మూడు వారాలుగా ఆ తాళం వెనకే ఉంది. అంత కొంపలంటుకునే పనేమిటో చూద్దామని మొన్న మార్చి నెలాఖరున ఒళ్లు మండి ఆయన బండి వెనక ఎక్కాను.

పని పిట్టల్ని చూడటం. ఎనిమిదేళ్ల కిందట ఎవరిదో బండి ట్రయల్ వేస్తూ ఈపూరు చెరువు దాకా వచ్చి, నెత్తి మీద గోరువంకల గుంపు తిరుగుతుంటే ఆగిపోయాడట. తిరిగి ఊళ్లోకి వచ్చేసరికి బండిగలాయన పోలీసు స్టేషన్‌కు బయల్దేరి ఉన్నాడు. ఇవి మన ఇళ్ల దగ్గరి గోరువంకలు కావని, వీటి ఒళ్లు గులాబి రంగని, ఎండలు ముదరగానే గుడ్లు పెట్టడానికి ఎక్కడో ఉత్తరాది దేశాలకు పోతాయని దారంతా చెప్పాడు. పోయే ముందు ఈ రెండు వారాలే గుంపులన్నీ ఒకచోట చేరతాయి. అక్కడ దగ్గితే వదిలేసి వస్తానని నన్ను ముందే బెదిరించాడు.

మేం చేరేసరికి ఐదున్నర. చెరువు పక్క జొన్నచేను యల్లమందది. ఆయన గట్టు మీద బకెట్ బోర్లించుకుని కూర్చున్నాడు. పిట్టలు రెండు రోజుల్లో ఎకరం ఊడ్చేశాయని, అందుకే కోసిన మడి నిండా పురుగుమందు కలిపిన జొన్నలు చల్లానని, వాన పడిందన్నంత మామూలుగా చెప్పాడు.

మౌలాలీ మొహం పాలిపోయింది. గుంపు రోజూ ఆరింటికి ఆ మడిలోనే దిగి, మేసి, ఆ తర్వాతే తుమ్మచెట్లెక్కుతుంది. అరెకరంలో చల్లిన గింజలు అరగంటలో ఏరడం ఎవరి తరమూ కాదు.

"ఏం పని చేశావురా యల్లమందా" అన్నాడు.

"నువ్వు చూసి పోతావు బాబాయ్. ఆరుగాలం చాకిరీ నాది. రేపు మా ఇంట్లో ఏంది తినేది?"

అప్పటికే పడమర దిక్కున నల్లటి మసకలా గుంపు లేచింది. మౌలాలీ పానా తీసి, బండి పక్కన కూలబడి సైలెన్సర్ విప్పసాగాడు. అది ఇంకా కాలుతూనే ఉంది. చెయ్యి చుర్రుమన్నా వదల్లేదు. బకెట్ లాక్కుని అవతలి గట్టుకు పరిగెత్తమని నాకు చెప్పాడు. నేను గట్టు వెంట పరిగెత్తాను. చివరి నట్టు తుప్పు పట్టి బిగుసుకుపోయింది. వేల రెక్కల చప్పుడు మా మీదుగా సాగి మడి మీదికి వాలింది. ముందొచ్చినవి అప్పుడే గింజలు ఏరుకుంటున్నాయి.

నట్టు ఊడింది. సైలెన్సర్ లేని బండి చెవులు పగిలేలా మోగింది. మౌలాలీ దాన్ని తిన్నగా మడిలోకి ఉరికించాడు. నేను బకెట్ బాదుతున్నాను. ఎనిమిదేళ్లుగా వాటి ముందు ఊపిరి బిగపట్టి కూర్చున్న మనిషి గొంతు చించుకుని అరుస్తున్నాడు. గుంపంతా ఒక్కసారి లేచింది. తుమ్మచెట్ల మీద ఒక చుట్టు తిరిగింది గానీ అక్కడా వాలలేదు. చెరువు దాటి ఉత్తరానికి పోయింది. ఇంతలా బెదిరిన గుంపు ఈ ఏడాదికి ఇక రాదని ఆయనకు తెలుసు. బండి ఆపి, సిగ్గుపడకుండా ఏడ్చాడు.

నాలుగు పిట్టలు మాత్రం లేవలేదు. వాటిలో ఒకటి ఇంకా రెక్కలు కొట్టుకుంటోంది. మౌలాలీ దాన్ని కాలిన చేతుల్లోకి తీసుకున్నాడు. కాసేపటికి అదీ కదలడం మానేసింది. యల్లమంద మెల్లగా దగ్గరికొచ్చి తొంగి చూశాడు. మబ్బులా వచ్చి చేను తినిపోవడం చూడటమే గానీ, ఒక్క పిట్టను విడిగా ఆయనెప్పుడూ చూడలేదు.

"ఇంత చిన్నదా బాబాయ్ ఇది?"

మౌలాలీ పిట్టను ఆయన అరచేతిలో పెట్టి, "చీపురు తే. ఆ గింజలన్నీ ఊడ్చెయ్యాలి" అన్నాడు.

పిట్టను ఎక్కడ దించాలో తెలియక, యల్లమంద అలాగే రెండు చేతులా పట్టుకుని చీపురు కోసం ఇంటికి నడిచాడు.