గట్టు దారికి అడ్డం వేసిన కంప

సమాధుల తోట పక్కనుంచి చెరువు గట్టెక్కే దారికి ఎవరో తుమ్మకంప అడ్డం వేశారు. ముప్పై ఏళ్లుగా నేను నడిచిన దారి అది. వానలు వెనకబట్టి, రెల్లు పూసి, ఇంకా మంచు పడని ఆ కొద్దిరోజులే నాకు నడక. మంచు మొదలైతే నా ఉబ్బసం గుమ్మం దాటనివ్వదు. దారి మూసే హక్కు ఎవరిచ్చారని చోడవరంలో కనిపించిన ప్రతివాడినీ నిలదీశాను.

ఆ కోపంతోనే ఇంటికి వెళ్లే గోవాడ బస్సెక్కి, పక్కన కూర్చున్న ముక్కూమొహం తెలియని ఆవిడ దగ్గరా అదే ఎత్తుకున్నాను. ఆవిడ ఒళ్లో బంతి నారు ఉంది.

"ఆ కంప ఏసినోడికి బుద్దుండక్కర్లేదేటమ్మా?" అన్నాను.

ఆవిడ నారుకు చుట్టిన తడిగుడ్డను సర్దింది. తర్వాత నా మొహం చూడకుండానే చెప్పింది.

"నానే ఏసేను బాబూ. ఆ దారి వారనే మా గుంటని, నా కూతుర్ని, కప్పెట్టేం. వానలకి మట్టి దిగిపోనాది. అక్కడ సమాధుందని తెలీక అందరూ తొక్కుకుంటా పోతన్నారు. ఈ బంతి నాటేసి, అది పూసేక కంప తీసేత్తాను. అందాక మా సెరుకు తోట గట్టు మీంచి నడు. ఎవులైనా అడిగితే, ఆ గుంట అమ్మ ఎల్లమన్నాదని సెప్పు."